అవార్డు టికెట్ 42,000 మైల్స్ నుంచి 78,000కి ఎగబాకింది: ఆగాలా, ఇప్పుడే తీసుకోవాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. అమ్మానాన్నలను హైదరాబాద్ నుంచి డాలస్‌కి పిలిపించుకోవడానికి నాలుగేళ్లుగా ఒకే ఎయిర్‌లైన్‌లో 1,70,000 మైల్స్ (ప్రయాణాలకీ, కార్డు ఖర్చుకీ వచ్చే ఎయిర్‌లైన్ పాయింట్లు) కూడబెట్టారు. ఫిబ్రవరిలో చూస్తే మే మూడో వారానికి ఒక్కొక్కరికి, ఒకవైపుకి 42,000 చూపించింది. ఇద్దరికీ రానూపోనూ సరిపోతాయని లెక్క వేసుకుని, వీసా స్టాంపింగ్ అయ్యాక బుక్ చేద్దామని ఆగారు. నిన్న చూస్తే అదే ఫ్లైట్ 78,000. ఇద్దరూ ఇటు రావడానికే మైల్స్ దాదాపు అన్నీ అయిపోతాయి. "మళ్లీ తగ్గుతుందా, ఆగాలా, లేక మమ్మల్ని మోసం చేశారా?" అన్నారు.

ముందు సూటిగా జవాబు: ఆగకండి. ఊరికే ఎదురుచూడటం కన్నా, ఇవాళ దొరికేవాటిలో మీకు ఫర్వాలేదనిపించే టికెట్ ఒకటి తీసి పెట్టుకుని, ఆ తర్వాత రోజూ చూస్తూ ఉండండి. తగ్గితే కొత్తది తీసుకుని పాతది రద్దు చేయొచ్చు. అమెరికన్, యునైటెడ్ ఎయిర్‌లైన్స్ మైల్స్‌తో కొన్న టికెట్‌ని బయల్దేరేలోపు రద్దు చేస్తే మైల్స్ అన్నీ ఖాతాలోకి తిరిగొస్తాయి, దానికి ఫీజు లేదు. మిగతావాటిలో బయల్దేరే దేశాన్ని బట్టి, టికెట్ రకాన్ని బట్టి ఫీజు ఉండొచ్చు. డబ్బు కట్టే ముందు వచ్చే పేజీలోనే ఆ సంగతి రాసి ఉంటుంది, చదవండి.

అలాగని ఆ 78,000 టికెట్టే తీసుకోమనడం లేదు. ఎకానమీకి, ఒకవైపుకి అది ఎక్కువ. అంతకన్నా తక్కువలో వచ్చే దారులు కింద చెబుతాను. నేను 14 ఏళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాను. మా ఇంట్లోవాళ్లకీ, తెలిసినవాళ్ల అమ్మానాన్నలకీ కలిపి ఏటా పాతికకు పైగా అవార్డు టికెట్లు, అంటే మైల్స్‌తో తీసుకునే టికెట్లు, చేసి పెడుతుంటాను. డెలివరీకి వచ్చే అమ్మమ్మలు, గ్రాడ్యుయేషన్‌కి వచ్చే తాతయ్యలు, దాదాపు అందరిదీ మీ ప్రశ్నే.

పెరగడం రెండు రకాలు. మీది ఏ రకమో ముందు తేల్చుకోండి.

ఒకటి, టికెట్ ఖరీదు పెరగడం. డబ్బుతో కొనేవాళ్లకీ ఆ రోజు ఆ ఫ్లైట్ పెరిగింది కాబట్టి మైల్స్‌లో కూడా పెరుగుతుంది. ఇది మళ్లీ తగ్గొచ్చు. రెండోది, మైలు విలువే తగ్గడం. దీన్నే అందరూ డీవాల్యుయేషన్ అంటారు. ఇది ఒకసారి జరిగిందంటే వెనక్కి రాదు.

తేల్చుకోవడానికి పది నిమిషాలు చాలు. అదే ఫ్లైట్ డబ్బుతో ఎంతో చూడండి. అందులోంచి అవార్డు టికెట్ మీద మీరు కట్టాల్సిన పన్నులు తీసేయండి. మిగిలిన డాలర్లని మైల్స్‌తో భాగించండి. పోయిన ఏడాది మా అత్తయ్యగారు, మామయ్యగారి కోసం చూసినప్పుడు జనవరిలో టికెట్ 640 డాలర్లు, పన్నులు 80, మైల్స్‌లో అయితే 41,000. మైలుకి 1.37 సెంట్లు పడింది. ఏప్రిల్ చివర్లో అదే ఫ్లైట్ 1,150 డాలర్లకి, 76,000 మైల్స్‌కి చేరింది. లెక్క వేస్తే మైలుకి 1.41 సెంట్లు. అంటే మైలు విలువ అలాగే ఉంది, మే నెల టికెట్లు మండిపోతున్నాయి అంతే. మీ లెక్క కూడా ఇలాగే వస్తే అది సీజన్ దెబ్బ.

తర్వాత నెలవారీ క్యాలెండర్ తెరిచి సెప్టెంబర్ రెండో వారమో, ఫిబ్రవరి మొదటి వారమో చూడండి. జనం తక్కువగా తిరిగే రోజులవి. అక్కడ కూడా కనీస ధర పెరిగి ఉంటే అది డీవాల్యుయేషన్. ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్‌ఎమ్‌ల మైల్స్ పథకం ఫ్లయింగ్ బ్లూ 2025 జనవరిలో అమెరికా, యూరప్ మధ్య ఎకానమీ కనీస ధరని 20,000 నుంచి 25,000కి, బిజినెస్‌ని 50,000 నుంచి 60,000కి పెంచింది. అలాంటిది జరిగితే ఎంత ఆగినా పాత ధర కనిపించదు.

అసలు ఇలా రోజుకో ధర ఎందుకు ఉంటోంది? మొదట్లో లేదు. 1981 మేలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఆడ్వాంటేజ్ అనే మైల్స్ పథకం మొదలుపెట్టింది, వారం తిరక్కుండా యునైటెడ్ వాళ్ల మైలేజ్ ప్లస్ వచ్చింది. చాలాకాలం ఫలానా ప్రాంతం నుంచి ఫలానా ప్రాంతానికి ఇన్ని మైల్స్ అని ఒక పట్టిక ఉండేది. సీటు ఖాళీ ఉంటే ఆ రేటు, లేకపోతే లేదు. డెల్టా 2015లో ఆ పట్టికను వెబ్‌సైట్ నుంచి తీసేసింది. యునైటెడ్ 2019లో తన సొంత ఫ్లైట్లకి తీసేసింది. అమెరికన్ 2023లో తన ఫ్లైట్లకి మారుతుండే ధరలు పెట్టింది. ఆ మధ్యలోనే, 2015, 2016ల్లో, ఈ మూడూ ఎగిరిన దూరానికి బదులు ఖర్చుపెట్టిన డాలర్లని బట్టి మైల్స్ ఇవ్వడం మొదలుపెట్టాయి. పేరు మాత్రం మైల్స్‌గానే మిగిలిపోయింది.

ఇప్పుడు ఒక విమానంలో ఎకానమీ సీట్లని ఎయిర్‌లైన్ చాలా ధరల గడుల్లో పెట్టి అమ్ముతుంది. చవక గడిలో రెండో మూడో సీట్లు, దాని పైగడిలో ఇంకొన్ని, అలా. చవకవి అమ్ముడైపోతే వెబ్‌సైట్ పై గడి ధర చూపిస్తుంది. అందుకే పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకొకటి కనిపిస్తుంది.

ఇందులో చాలామందికి తెలియని చిక్కు ఒకటి ఉంది. దానివల్ల మీ 78,000లో కొంత తగ్గే అవకాశం కూడా ఉంది. మా అత్తయ్యగారి వాళ్ల టికెట్లకే, ఇంకో తేదీకి, ఇద్దరు ప్రయాణికులని పెట్టి వెతికితే ఒక్కొక్కరికి 61,000 వచ్చింది. ప్రయాణికుల సంఖ్య ఒకటికి మార్చి వెతికాను. 44,000. మళ్లీ రెండు పెట్టాను, 61,000. చవక గడిలో ఒక్క సీటే మిగిలి ఉంది. ఇద్దరిని అడిగితే ఇద్దరికీ కలిపి సరిపోయే గడి నుంచి, అంటే పై గడి నుంచి ధర ఇస్తుంది. కాబట్టి ఇద్దరికి వెతికే ప్రతిసారీ ఒక్కరికి కూడా వెతికి చూడండి.

అప్పుడు నేను ఒకరికి 44,000తో, ఇంకొకరికి 61,000తో విడివిడిగా తీశాను. 17,000 మైల్స్ కలిసొచ్చాయి. ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి రెండు పీఎన్ఆర్‌లు ఒకే కుటుంబానివని నోట్ రాయించాను. అయినా నాకు మనసులో కుదురు లేదు. ఫ్లైట్ రద్దయితే ఇద్దరినీ వేర్వేరు విమానాల్లో వేసే ప్రమాదం ఉంటుంది. మా అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, వీల్‌చైర్ కావాలి, ఇంగ్లీషు రాదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆవిడ ఒంటరిగా మిగిలిపోతే ఎలా అని టెన్షన్. రోజూ పొద్దున కాఫీ తాగుతూ ఒకసారి వెతికేవాణ్ని. పంతొమ్మిదో రోజున ఇద్దరికి కలిపి వెతికితే 44,000 వచ్చింది. వెంటనే ఇద్దరికీ ఒకే పీఎన్ఆర్‌లో తీసి, ఆ తర్వాత పాతవి రెండూ రద్దు చేశాను. వరస ముఖ్యం: కొత్తది చేతికి వచ్చాకే పాతది వదలండి. రద్దు చేసిన సీటు మళ్లీ చవక గడిలోకే వస్తుందన్న నమ్మకం లేదు. ఖాతాలో రెండింటికీ సరిపడా మైల్స్ లేకపోతేనే ముందు రద్దు చేయాల్సి వస్తుంది, అలాంటప్పుడు తేడా పెద్దదైతేనే చేయండి. పెద్దవాళ్లకి పది, పదిహేను వేల మైల్స్ కోసం పీఎన్ఆర్‌లు విడగొట్టడం నేను ఇప్పుడు మానేశాను.

ఇక 78,000కి బదులు ఏం చూడాలి? భాగస్వామి ఎయిర్‌లైన్లని, అంటే మీ మైల్స్‌తోనే సీటు తీసుకోగలిగే వేరే కంపెనీలని చూడండి. మీ మైల్స్ ఏ కంపెనీవో చెప్పలేదు కాబట్టి రెండు మూడు దారులు చెబుతాను.

అమెరికన్ ఎయిర్‌లైన్స్ మైల్స్ అయితే మీకు మంచి అవకాశం ఉంది. సొంత ఫ్లైట్లకి ధరలు మారుతున్నా భాగస్వాములకి మాత్రం ఇప్పటికీ స్థిరమైన పట్టిక ఉంది. అమెరికా, భారత్ మధ్య ఒకవైపుకి ఎకానమీ 40,000, బిజినెస్ 70,000. ఖతార్ ఎయిర్‌వేస్ హైదరాబాద్ నుంచి దోహా, దోహా నుంచి డాలస్ నడుపుతుంది. ఒక్క లేఓవర్‌తో, అంటే మధ్యలో ఒక్కచోట విమానం మారి, అమ్మానాన్నలు మీ ఊళ్లోనే దిగుతారు. మీరు నిన్న చూసిన 78,000 ఎకానమీకి అయితే, సీటు దొరికినప్పుడు ఖతార్ బిజినెస్ 70,000కే వస్తుందన్నమాట! దొరకడమే కష్టం. అమెరికన్ సైట్‌లో 331 రోజుల ముందు నుంచి తేదీలు తెరుచుకుంటాయి. అప్పుడు చూడాలి, లేదా ప్రయాణానికి రెండు మూడు వారాల ముందు చూడాలి. నేను చేసినవాటిలో ఎక్కువ భాగం ఈ రెండు సమయాల్లోనే దొరికాయి. మధ్యలో నెలల తరబడి ఏమీ కనిపించకపోవచ్చు. అదే అమెరికన్ మైల్స్‌తో లండన్ మీదుగా బ్రిటిష్ ఎయిర్‌వేస్ కూడా వస్తుంది కానీ, దాని మీద సర్‌చార్జీలు వందల డాలర్లు పడతాయి. మైల్స్ తక్కువని చూసి నొక్కేయకండి, పక్కనున్న డాలర్ల అంకె కూడా చూడండి.

యునైటెడ్ మైల్స్ అయితే, యునైటెడ్‌తో పాటు ఎయిర్ ఇండియా, లుఫ్తాన్సా, సింగపూర్ ఎయిర్‌లైన్స్ అన్నీ స్టార్ అలయన్స్ అనే ఒకే ఎయిర్‌లైన్ల కూటమిలో ఉన్నాయి. యునైటెడ్ సొంత ఫ్లైట్ల ధర ఆకాశానికి పోయిన రోజున కూడా భాగస్వాముల ధర చాలాసార్లు అంతగా కదలదు, పైగా యునైటెడ్ ఇంధన సర్‌చార్జీ వేయదు. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి లుఫ్తాన్సా నేరుగా ఉంది, అక్కడి నుంచి డాలస్ కూడా.

ఎయిర్ కెనడా వాళ్ల మైల్స్ పథకం ఏరోప్లాన్ గురించి చాలామంది చెబుతారు, నేనూ బాగా వాడతాను. చాలా భాగస్వాములకి దూరాన్ని బట్టి పట్టిక ఉంది. కానీ టొరంటో మీదుగా రూట్ ఇస్తే అమ్మానాన్నలకి కెనడా ట్రాన్సిట్ వీసా కావాలి, చేతిలో అమెరికా వీసా ఉన్నా సరే. ఇది చూసుకోక ఎయిర్‌పోర్టులో చెక్-ఇన్ దగ్గరే ఆగిపోయినవాళ్లు నాకు తెలుసు. ఏరోప్లాన్ వాడితే ఫ్రాంక్‌ఫర్ట్ నుంచో, మరో చోటి నుంచో నేరుగా అమెరికాలో దిగే రూటే ఎంచుకోండి.

ఇంకో మాట. తేదీని కొన్ని వారాలు ముందుకి జరపగలరా? మే మూడో వారం అంటే అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు తిరిగే సమయం. ఏప్రిల్ చివరికి జరిపితే ధర బాగా తగ్గొచ్చు. అమ్మానాన్నలకి ఆఫీసు సెలవుల గొడవ లేకపోతే ఇదే అన్నిటికన్నా తేలిక. వీసా కోసం ఆగానన్నారు, అది మాత్రం ఇకముందు చేయకండి. ఉచితంగా రద్దయ్యే అవార్డు టికెట్ అయితే ఇంటర్వ్యూ తేదీ రాకముందే తీసి పెట్టుకోవచ్చు. వీసా రాకపోతే రద్దు చేస్తే సరిపోతుంది. డబ్బు పెట్టి కొనే నాన్ రిఫండబుల్ టికెట్‌కీ దీనికీ ఉన్న పెద్ద తేడా ఇదే.

మైల్స్‌ని ఒకే ఎయిర్‌లైన్‌లో ఏళ్ల తరబడి దాచకండి. మీకు ఇప్పటికే నాలుగేళ్లు అయిపోయాయి, ఆ కష్టం వృథా అని నేను అనను. ఇక నుంచి మాత్రం కార్డు పాయింట్లని కార్డులోనే ఉంచండి. చేజ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ లాంటి వాటి పాయింట్లు చాలా ఎయిర్‌లైన్లకి మార్చుకోవచ్చు. ఒక ఎయిర్‌లైన్ ధర పెంచితే ఇంకొకదాని వైపు వెళ్లొచ్చు. ఒకసారి మార్చాక మాత్రం వెనక్కి రావు.

ఆ తప్పు నేను చేశాను. ఒక సంక్రాంతికి ఇండియా వెళ్దామని వెతుకుతుంటే ఒక విదేశీ ఎయిర్‌లైన్ సైట్‌లో రెండు బిజినెస్ సీట్లు కనిపించాయి. రాత్రి పదకొండున్నరకి కార్డు నుంచి 1,20,000 పాయింట్లు మార్చాను. అవి ఖాతాలో చేరడానికి రెండు రోజులు పట్టింది. చేరాక బుక్ చేయబోతే చివరి పేజీలో ఎర్రర్. ఫోన్ చేస్తే ఆ సీట్లు అసలు లేవన్నారు. సైట్ పాత సమాచారం చూపించింది. ఆ ఏడాదే వాళ్లు ధరలు పెంచారు. ఆ పాయింట్లు వాడటానికి నాకు మూడేళ్లు పట్టింది, అప్పటికి అవి ఒక్క టికెట్‌కే సరిపోయాయి. మా ఆవిడ, పిల్లల టికెట్లు డబ్బు పెట్టి కొన్నాను. అప్పటినుంచి నేను పాటించే పద్ధతి ఇది: సీటుని రెండు వేర్వేరు సైట్లలో చూస్తాను, లేదా ఫోన్ చేసి ఏజెంట్‌తో నిర్ధారించుకుంటాను. ఆ తర్వాతే పాయింట్లు కదుపుతాను. నిమిషాల్లో మారేవి ఏవో, రోజులు పట్టేవి ఏవో ముందే కనుక్కుంటాను.

మోసం చేశారా అన్న మీ ప్రశ్నకి వస్తాను, ఎందుకంటే ఆ కోపంలో న్యాయం ఉంది. చట్టం దృష్టిలో మోసం అని నిరూపించడం చాలా కష్టం. ప్రోగ్రామ్‌లో చేరినప్పుడు మనం ఒప్పుకున్న నిబంధనల్లోనే ధరలు ఎప్పుడైనా మార్చే హక్కు వాళ్లకి ఉంటుంది. 2014లో అమెరికా సుప్రీంకోర్టు నార్త్‌వెస్ట్ వర్సెస్ గిన్స్‌బర్గ్ కేసులో ఎయిర్‌లైన్ పక్షాన ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. గిన్స్‌బర్గ్ అనే ప్రయాణికుడు తనని ఫ్రీక్వెంట్ ఫ్లయర్ (మైల్స్) ప్రోగ్రామ్ నుంచి అన్యాయంగా తీసేశారని వేసిన దావా అది. సద్భావంతో నడుచుకోలేదన్న ఆ వాదనకి 1978 నాటి ఎయిర్‌లైన్ డీరెగ్యులేషన్ చట్టం అడ్డొచ్చింది. 2024 సెప్టెంబర్‌లో అమెరికా రవాణా శాఖ అమెరికన్, డెల్టా, సౌత్‌వెస్ట్, యునైటెడ్ నాలుగింటినీ పాయింట్ల విలువ తగ్గించడం గురించి, మారే ధరల గురించి వివరాలు అడిగింది. అంటే మీలా అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు.

డబ్బు ఎక్కడుందో చూస్తే కారణం అర్థమవుతుంది. ఎయిర్‌లైన్లు మైల్స్‌ని బ్యాంకులకి అమ్ముతాయి, బ్యాంకులు కార్డు వాడినందుకు మనకి ఇస్తాయి. డెల్టాకి 2024లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ నుంచి వచ్చింది దాదాపు 740 కోట్ల డాలర్లు. కోవిడ్‌లో విమానాలు ఆగిపోయినప్పుడు, 2020లో, యునైటెడ్ తన మైలేజ్ ప్లస్‌ని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. మైల్స్ ముద్రించడానికి వాళ్లకి హద్దు లేదు, సీట్లు మాత్రం అన్నే ఉన్నాయి. అందుకే మైలు విలువ ఏటా కొంత కరుగుతుందని లెక్క వేసుకునే నేను కూడబెడతాను. ఏడాది, ఏడాదిన్నరలో వాడే పని ఉంటేనే ఎయిర్‌లైన్ ఖాతాలో ఉంచుతాను.

హైదరాబాద్‌లో ఉండి అక్కడి కార్డులతో పాయింట్లు చేసేవాళ్లకీ ఇది వర్తిస్తుంది. 2024 నవంబర్ 12న విస్తారా ఎయిర్‌లైన్స్ ఎయిర్ ఇండియాలో కలిసినప్పుడు దాని క్లబ్ విస్తారా పాయింట్లు ఒకటికి ఒకటి చొప్పున మారాయి. అంకె అదే, కానీ వాడే పట్టిక వేరు. పాయింట్ల సంఖ్య కన్నా ఆ పాయింట్లకి ఏ టికెట్ వస్తుందో చూడాలి.

రెండేళ్లలోపు పాపనో బాబునో ఒళ్లో కూర్చోబెట్టుకుని వెళ్లేవాళ్లు ఇంకోటి గమనించాలి. అమెరికా విమాన కంపెనీల్లో అంతర్జాతీయ ప్రయాణానికి ఒళ్లో బిడ్డకి పెద్దవాళ్ల డబ్బు టికెట్ ధరలో పదోవంతు తీసుకుంటారు, మీరు మైల్స్‌తో కొన్నా సరే. బిజినెస్‌లో అది వందల డాలర్లు. ఏరోప్లాన్‌లో 25 కెనడా డాలర్లు లేదా 2,500 పాయింట్లు. మా చిన్నాడు ఎనిమిది నెలల వాడప్పుడు ఈ ఒక్క కారణానికే ఏరోప్లాన్‌లో చేశాను.

ఇప్పుడు మీరు ఈ రాత్రికి చేయాల్సింది. ముందు ఒక్కరికి, తర్వాత ఇద్దరికి వెతకండి. ఎయిర్‌లైన్ సొంత ఫ్లైట్లే కాకుండా భాగస్వాములని కూడా చూపించేలా పెట్టండి. మే 10 నుంచి 30 వరకు ఒక్కో రోజూ తిరగేయండి. ఒక్కొక్కరికి 50,000 లోపు, ఒక్క లేఓవర్‌తో దొరికితే తీసేయండి. దొరక్కపోతే 60,000 లోపు రద్దు చేసుకోగలిగినది తీసి పెట్టి వెతుకుతూ ఉండండి. రెండూ దొరక్కపోతే, మైలుకి 1.3 సెంట్ల కన్నా తక్కువ వస్తుంటే, మైల్స్ అలాగే ఉంచి ఈ వైపు డబ్బుతో కొనండి. అక్టోబర్‌లో వాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు మైల్స్ వాడండి, అప్పుడు అటువైపు ధరలు చాలా దిగుతాయి. రానూపోనూ రెండూ ఒకేదాంతో చేయాలన్న నియమం ఏమీ లేదు. ఇండియా నుంచి ఒకవైపు డబ్బు టికెట్ సాధారణంగా మనం ఇక్కడ కొనేదానికన్నా చవకే ఉంటుంది.

భాగస్వామి ఫ్లైట్ తీస్తే బుక్ అయిన ఈమెయిల్ చూసి ఊరుకోకండి. టికెట్ నంబరు 13 అంకెలది వచ్చిందో లేదో చూడండి. ఒకటి రెండు రోజులైనా రాకపోతే ఫోన్ చేసి అడగండి. ఖతార్ అయితే ఖతార్ సైట్‌లో, లుఫ్తాన్సా అయితే ఆ సైట్‌లో పెట్టుకోవడానికి వేరే పీఎన్ఆర్ ఉంటుంది, అది కూడా అడిగి తీసుకోండి. సీట్లు, శాకాహార భోజనం, అమ్మగారికి వీల్‌చైర్ అన్నీ ఆ పీఎన్ఆర్‌తోనే పెట్టాలి. వీల్‌చైర్ హైదరాబాద్‌లో, మధ్యలో మారే చోట, డాలస్‌లో మూడు చోట్లా నమోదైందో లేదో పేరుపేరునా చెప్పించుకోండి.